తప్పెట మీద చోళ్ళు

టీకొట్టు దగ్గర రాముడు అన్న మాట రాముడి కంటే ముందే ఇల్లు చేరింది.

మోసుకొచ్చింది గున్నమ్మ. పాలక్యాను చంకలోంచి దించకుండానే గుమ్మంలో నిలబడి మొత్తం అప్పజెప్పింది.

"'నాను గునపంతో కొట్టబట్టి గదా మా దాలి నన్ను పట్టీది. కొట్టకపోతే దాని తాత దిగొచ్చినా పట్టలేడు' అన్నాడొదినా మా అన్న. అందరూ ఒకటే నవ్వు. నాకెందుకులే, ఇన్నది సెప్పినాను."

రాముడి పెళ్ళాం దాలమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. నిప్పున్న కొస లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ ఆమెది. ఎంత కోపమొచ్చినా ఆ చుట్ట చివరిదాకా కాలాల్సిందే. ఆ పొద్దు మాత్రం సగంలోనే తీసి నేలకేసి రుద్దేసింది. గున్నమ్మ భయపడి పాలు కూడా పొయ్యకుండా వెళ్ళిపోయింది.

దాలమ్మకి అంత కోపం ఎందుకొచ్చిందో తెలియాలంటే ముళ్ళకోట సంగతి తెలియాలి. ఆమదాలవలస నుంచి పొందూరు పోయే దారిలో ఓ చోట లోపలికి దిగితే వస్తుంది. కోట అనగానే రాతిగోడలూ బురుజులూ ఊహించుకుని ఫోటోలకి వచ్చినవాళ్ళు మొహం వేలాడేసుకుని పోతుంటారు. ఇది మట్టికోట. పైన ఎడ్లబండి నడవగలిగేంత మందం గోడ, దాని బయట పూడిపోయిన కందకం, కందకం గట్టున ముళ్ళ వెదురు. అంతే.

ఒకప్పుడు ఎవడో రాజు ఈ కోట మీదికి దండు తెచ్చాడు. ఏ రాజో అడక్కండి. ఊళ్ళో ఒక్కో ఇంట్లో ఒక్కో పేరు చెబుతారు. జనం నెత్తిన పడేటప్పుడు రాజులందరూ ఒకటే గనక పెద్ద తేడా కూడా లేదు. ముళ్ళ వెదురు దాటలేకపోయాడు. ఫిరంగి పేలిస్తే గుండు మెత్తటి మట్టిలో దిగబడి ఊరుకుంది. అప్పుడు వాడు దొంగదారి పట్టాడు. గోడకి దూరంగా గుంట తీసి, భూమి లోపల్నుంచే కన్నం తవ్వుకుంటూ వచ్చి, సరిగ్గా గోడ కిందికి చేరాక తుపాకిమందు పీపాలు పేర్చి అంటిద్దామనుకున్నాడు. అంటిస్తే గోడ లేచి పడుతుంది. దండు నడుచుకుంటూ లోపలికొస్తుంది.

లోపల ఒక తప్పెటగుళ్ళ ఆటగాడి పెళ్ళాం చోళ్ళు, అదే రాగులు, చెరుగుతోంది. మొగుడు ఆడి అలిసి నేలమీద పెట్టిన తప్పెట మీద నాలుగు గింజలు పడ్డాయి. పడ్డవి ఊరుకోలేదు, గెంతాయి. ఎవరూ వాయించకుండా గింజెందుకు గెంతుతుంది? ఆమె తప్పెట పట్టుకుని గోడ పొడుగునా నడిచింది. ఎక్కువ గెంతిన చోట కూర్చుని, 'ఇక్కడే' అంది. ఆ చోట లోపల్నుంచి ఎదురుకన్నం తవ్వారు. రెండు కన్నాలూ కలిసిన చోట ఎండుమిరపకాయల కుంపటి పెట్టి ఆడవాళ్ళు చేటలతో విసిరారు. పీపాలు అక్కడే వదిలేసి, దగ్గుకుంటూ, కళ్ళు నులుముకుంటూ దండు పరుగెత్తింది.

కథ నిజమో కాదో ఎవడికి తెలుసు? కథ మీద పుట్టిన పండగ మాత్రం నిజం. కన్నాల పండగ. కోతలయ్యి, కళ్ళాలు ఎత్తేశాక వచ్చే పండగ. మగాళ్ళు కన్నమోళ్ళు, ఆడాళ్ళు చెవోళ్ళు. గోడ బయట నాలుగు కన్నాలుండేవి. వాటికి తాటాకు దడి కట్టేవాళ్ళు, ఎవడు ఎందులో దూరాడో కనపడకుండా. లోపల ఒక ఆడమనిషి తప్పెట మీద గుప్పెడు చోళ్ళు పోసుకుని గోడ వెంబడి తిరగాలి. తవ్వేవాడు నేల చీల్చుకుని పైకి రాకముందే అతని నెత్తిమీద కర్ర పాతి 'ఇక్కడే' అనాలి. అంటే ఆడాళ్ళు గెలిచినట్టు. అప్పుడు పైనుంచి తవ్వుతారు. కన్నం తెరుచుకోగానే లోపల్నుంచి మట్టికొట్టుకుపోయిన చెయ్యొకటి పైకొస్తుంది. ఆ చేతిలో బెల్లంముక్క. ఓడినవాడు ఇచ్చుకునే కప్పం అది.

దాలమ్మకి ముందు ఆమె తల్లి వినేది. కూతురికి నేర్పింది కూడా ఆవిడే. "గింజని నమ్ముకోకే. గింజ ఎవుడు కొట్టినా గెంతుతాది. అరికాలితో ఇను. గట్టి నేల నీ అడుగుని మింగీసుకుంటాది. బోలు నేల తిరిగిచ్చీస్తాది."

పెళ్ళయిన ఏడే దాలమ్మ మొదటిసారి తప్పెట పట్టింది. రాముడు మేనత్త కొడుకు, చిన్నప్పట్నుంచీ బావే. కానీ కొత్త మొగుడు నేల కింద ఎక్కడో ఉన్నాడు, అతన్ని ఊరందరి ముందూ పట్టుకోవాలి. రెండుసార్లు అటూ ఇటూ నడిచింది. ఒక చోట దాటిపోయి, మళ్ళీ వెనక్కొచ్చింది. కూర్చుంది. తప్పెట దించింది. అంతలో గింజలు గెంతడం మొదలుపెట్టాయి. మూడు దెబ్బలు, ఒక ఆగు. మూడు దెబ్బలు, ఒక ఆగు. పైనుంచి తవ్వి కన్నం తెరిస్తే రాముడి చెయ్యి వచ్చింది. బెల్లానికి సగం మట్టి. అంత తీపి బెల్లం దాలమ్మ మళ్ళీ తినలేదు. తినలేదంటే, ఆ తర్వాత ప్రతి ఏడూ తింది. ప్రతి ఏడూ ఇదే మాట అంది.

ఆ ఏడు నుంచి దాలమ్మ ఓడిందే లేదు. రాముణ్ణే కాదు, ఎవర్ని పంపినా పట్టేసేది. పొరుగూళ్ళ వాళ్ళు పందాలు కాసుకునేవారు. భావనపాడు నుంచి వచ్చిన వియ్యాలవారొకరు, 'ఈవిణ్ణి పడవలో కూకోబెడితే సేపలెక్కడున్నాయో సెప్పీగలదు' అన్నారు. ఊళ్ళో ఎవరైనా రహస్యం మాట్లాడుకుంటే, "నెమ్మదిగా, దాలమ్మ సెవుంది" అనేవారు.

తర్వాత పండగ ఆగింది. ఆపింది దేవుడు కాదు, పోలీసులు. కొండల వైపు మందుపాతరలు పేలుతున్న రోజులవి. ఊళ్ళో సొరంగాలు తవ్వుతున్నారని ఎవడో చెవిన వేశాడు. జీపులు వచ్చాయి. "మందెక్కడ దాచార్రా?" అని అడిగితే ఒక ముసలాయన వణికిపోయి, గడ్డివాములో దాచుకున్న సారా సీసా తెచ్చి చేతిలో పెట్టాడు. నవ్వినందుకు ఇద్దరికి లాఠీదెబ్బలు పడ్డాయి. సాక్ష్యం కింద ఒక తప్పెటనీ, దానిమీది గుప్పెడు చోళ్ళనీ పట్టుకుపోయారు. కన్నాల లోపలి మూతుల్ని ఊరివాళ్ళ చేతే మట్టితో పూడ్పించారు. మందుపాతరని ఎలా కనిపెట్టాలో తాతల నాడే తెలిసిన ఊరికి మందుపాతరలు పెడుతోందన్న పేరొచ్చింది. ఏలేవాళ్ళ తెలివి అలాగే ఏడుస్తుంది.

ఇప్పుడు గోడకే ఎసరొచ్చింది. ఎక్కడో రోడ్డు వేస్తున్నారు, మట్టి కావాలి. కోట మట్టి ఎర్రగా, గట్టిగా, ఊరికే దొరికేలా ఉంది. ఊరివాళ్ళు అర్జీలు పెట్టారు. పెట్టినచోట అర్జీ అలాగే ఉంది, ఉన్నచోట గోడ లేదు. మూడు వైపులా టిప్పర్లలో వెళ్ళిపోయింది. తూర్పుగోడ మిగిలింది, కన్నాలున్న గోడ. సోమవారం దాని వంతు.

ఇలాంటప్పుడు, గోడ పోబోతోందని జనం టీకొట్టు దగ్గర చేరి పాత పండగ తలుచుకుంటుంటే, రాముడు ఆ మాట అన్నాడు.

రాముడు ఇంటికొచ్చేసరికి అంబలి కుండ బోర్లించి ఉంది.

"ఏటే, ఆకలేస్తన్నాది."

"టీకొట్టుకాడ నవ్వులు మేసినావు గదా. కడుపు నిండలేదేటి?"

"ఓస్ గున్ని! దాని నోట్లో నువ్వుగింజ నానదు."

"దాన్నొగ్గీ. నన్ను సూసి సెప్పు బావా. ఆ రోజుల్లో నువ్వు కొట్టినావా? నాకు తెలవాలనే కొట్టినావా?"

రాముడు కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఒక పక్కకి నవ్వాడు. "కొట్టినాను."

"పెతీ ఏడూనా?"

"పెతీ ఏడూ."

దాలమ్మకి ఏముంది? పొలం మొగుడి పేరున ఉంది. ఇల్లు అత్త కట్టించింది. పిల్లలకి కూడా ఇంటిపేరు అతనిదే. ముళ్ళకోట మొత్తంలో ఆమె పేరున ఉన్నది ఒక్కటే, చెవి. అది కూడా మొగుడు జాలిపడి పడేసిన ముష్టేనా? ఇంకో సంగతి కూడా ఉంది. ఆ చెవి ఈమధ్య మందగించింది. ఎడమవైపు అసలు పలకదు. ఈ ముక్క ఆమె ఎవరికీ చెప్పలేదు, రాముడికి కూడా.

"సోమారం గోడ పోతాది," అంది చివరికి. "ఆదివారం నువ్వు కన్నంలో దూరు. ఈ పాలి కొట్టకు. నాను పట్టలేకపోతే, నాకు సెవి లేదు, ఉన్నదంతా నీ గునపవేనని ఊరందరి ముందూ నానే సెప్పుకుంటాను. పట్టినానా, ఆ టీకొట్టుకాడే నువ్వు నిలబడి సెప్పుకోవాల."

"ముసిలిదానా, నా నడుం..."

"నవ్వినప్పుడు లేదేటి నడుం?"

రాముడు ఆమె మొహంలోకి చూశాడు. ఆట కాదని అర్థమైంది. "సరే. కొట్టను. దేవుడు తోడు, ఈ పాలి నిజంగానే వస్తాను," అన్నాడు. 'నిజంగానే' అన్న ముక్క దాలమ్మకి గంజి పడినట్టు కాలింది.

ఆదివారం పొద్దున్నే ఆమె జేసీబీ దగ్గరికి వెళ్ళింది. దాన్ని తోలేవాడు కొండబాబు, చీపురుపల్లి వైపు కుర్రాడు. కోట మట్టి తవ్వుతున్నందుకు ఊళ్ళో ఎవరూ వాడితో సరిగా మాట్లాడరు.

"ఒరే నాయనా, నీ బండి ఈ పూట ఆపు. అదాడితే నా సోళ్ళు గెంతుతాయి."

"మామ్మా, ఆపితే మా మేనేజరు నన్ను గెంతిస్తాడు."

"ఆడికి ఆయిలు అయిపోనాదని సెప్పు."

వాడు సంగతంతా విని, ఇంజను ఆపేసి, "మరైతే నాను ఇక్కడ్నించే సూస్తాను. అన్యాయం సేస్తే హారను కొడతాను," అని క్యాబిన్ మీదికెక్కి కూర్చున్నాడు. పండగకి ఆ ఏడు న్యాయనిర్ణేత జేసీబీ డ్రైవరు. కోటకి పట్టిన గతి అది.

గోడ బయట తాటాకులకి బదులు టార్పాలిను కట్టారు. కన్నాల మూతుల మీద ముళ్ళతుప్పలు నరికారు. పాత కన్నాలు లోపల నడుం వంచి పాకేంత వెడల్పున చెక్కుచెదరకుండా ఉన్నాయి. పోలీసులు పూడ్పించిన లోపలి కొసే అడ్డు. రాముడు గునపం ముట్టుకోలేదు. ఒక బిందె నీళ్ళు, ఒక కొబ్బరిచిప్ప పట్టుకున్నాడు. మట్టిని తడిపి, నానబెట్టి, చిప్పతో గీకి తియ్యాలని ఎత్తు. చప్పుడుండదు. అదీ చాలక, గోవింద్ అనే బండమనిషిని పిలిచి, "నువ్వు అవతలి కన్నంలో దూరి గునపంతో బాదుతుండు. మా దాలి నీకాడికి రావాల," అన్నాడు. శత్రువు చెవిని పక్కదారి పట్టించడం. పాత యుద్ధాల్లో రాజులు చేసిన మోసమే అది. పెళ్ళాం మీద అతను ఇలాంటిది ఎత్తడం ఇదే మొదలు.

లోపల ఊరంతా చేరింది. సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. దాలమ్మ హవాయి చెప్పులు విడిచి, తప్పెట నేలమీద పెట్టి, చోళ్ళు పోసింది. కదల్లేదు. ఎత్తి, ఇంకాస్త ముందు పెట్టింది. కదల్లేదు. మరికాస్త ముందు పెట్టేసరికి గింజలు వేడిపెనం మీద నీళ్ళలా చిందాయి.

"అదిగో! పట్టీసినాది!" గున్నమ్మ గంతేసింది. "పాతొదినా కర్ర, పాతు!"

దాలమ్మ గింజల్నే చూస్తోంది. దెబ్బ. చాలాసేపు ఏమీ లేదు. రెండు దెబ్బలు. మళ్ళీ ఏమీ లేదు. రాముడు తప్పెటగుళ్ళ మనిషి. వంకాయ తరిగినా మూడు దెబ్బలు, ఒక ఆగు. ఇది ఆ చెయ్యి కాదు.

"ఇది మా ఆయన కాదు. గోవిందు గాడిది. దున్నపోతు గట్టు తొక్కినట్టున్నాది."

జనం గొల్లుమన్నారు. నేల కింద గోవింద్ ఆ నవ్వు విన్నాడో ఏమో, కొట్టడం ఆపేశాడు.

అక్కణ్ణుంచి అసలు కష్టం మొదలైంది. గోడ ఈ కొస నుంచి ఆ కొస దాకా తప్పెట దించింది, ఎత్తింది. గింజ కదల్లేదు. కొట్టనన్నాడు, కొట్టడం లేదు. మాట నిలబెట్టుకునే మొగుడు ఇలాంటప్పుడే దొరుకుతాడు. ఎండ ఎక్కుతోంది. జనం గుసగుసలు మొదలయ్యాయి, ఎడమ చెవి పక్కవి ఆమెకి వినపడను కూడా లేదు. ఎవడో, "మామ్మా, గింజలు ఏపుకు తినీడానికి బావుంటాయి," అన్నాడు.

దాలమ్మ తప్పెట చంకన పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. అరికాలితో ఇనే. తల్లి గొంతు. చిన్నప్పుడు ఇదే గోడ పక్కన తల్లి ఆమె రెండు చీలమండలూ పట్టుకుని, కాలు ఎక్కడ పెట్టాలో, ఎంత బరువు వెయ్యాలో చూపించేది. ఆవిడ చేతులకి చోళ్ళ వాసన. దాలమ్మ నెమ్మదిగా నడిచింది. మడమ ముందు, తర్వాత వేళ్ళు. నేల మింగింది. మళ్ళీ అడుగు. మింగింది. మళ్ళీ. మళ్ళీ.

"మామ్మ నిద్దరోతన్నాదిరోయ్," అన్నారెవరో.

ఒక చోట దాటిపోయింది. ఆగింది. వెనక్కొచ్చింది. అక్కడ నేల ఆమె అడుగుని మింగలేదు. కొద్దిగా, కుండ మూతి మీద అరచెయ్యి పెట్టినట్టు, తిరిగిచ్చింది.

కూర్చుంది. తప్పెట దించింది. చోళ్ళు పోసింది. ఒక్క గింజ కదల్లేదు. పక్కన కర్ర పాతింది.

"ఇక్కడే."

"గింజ కదల్లేదు గదే ఒదినా!" గున్నమ్మకి ఏడుపొక్కటే తక్కువ.

"ఎలాగ కదులుతాది? కొట్టొద్దన్నాను గదా."

ఎవరూ నవ్వలేదు. ఎవరూ పార అందుకోలేదు కూడా. అందరికీ జాలేసింది. ముసలావిడ ఓడిపోయింది, ఒప్పుకోలేక ఎక్కడో ఒకచోట కూలబడింది అనుకున్నారు. దాలమ్మ కూడా ఆ జాలిని చూసింది. గింజల వైపు చూసింది. చచ్చినట్టు పడున్నాయి. ఒక్క క్షణం, ఒక్క క్షణమే, ఆమెకీ అనుమానం వచ్చింది.

అప్పుడు తప్పెట ఒక పక్కకి ఒరిగింది. చోళ్ళు జరజరా జారి ఒక అంచుకి చేరాయి. తప్పెట ఇంకా లేచింది, లేచి బోర్లా పడింది. దాని కింద నేల పగిలి, ముందు కొబ్బరిచిప్ప, తర్వాత బురద ఓడుతున్న చెయ్యి. ఆ చేతిలో బెల్లంముక్క.

కొండబాబు జేసీబీ హారను కొట్టాడు. కొడుతూనే ఉన్నాడు. ఊరు కోటంత అరుపు అరిచింది. మట్టిలోంచి రాముడి తల వచ్చింది. కళ్ళు తుడుచుకుని, తన నెత్తి మీదే కూర్చున్న పెళ్ళాన్ని చూసి నోరు తెరిచాడు.

"ఓసి నీ దుంపతెగ! నాను కిక్కురుమనలేదు గదే!"

"నాకు షుగరున్నాదని డాక్టరు సెప్పినాడు. ఇంత పెద్ద ముక్కెందుకు తెచ్చినావు?" అంటూనే దాలమ్మ బెల్లం నోట్లో వేసుకుంది.

జనం చెదిరాక ఇద్దరూ తూర్పుగోడ మీద కూర్చున్నారు. రాముడు నడుం పట్టుకుని మూలుగుతున్నాడు. దాలమ్మ కుడిచెవి అతని వైపు ఉండేలా తిరిగింది.

"మరి ఆ రోజుల్లో కొట్టినానన్నావు?"

"కొట్టినాను. నువ్వు కూకున్నాక."

"ఏటీ?"

"కన్నంలో ఉంటే అప్పట్లో నీ కాలి కడియాల సప్పుడు నాకినపడీదే. అదినగానే గునపం ఆపీసీవోణ్ణి. తిరుగుతావు, దాటీసి పోతావు, మళ్ళీ ఎనక్కొస్తావు. కూకుంటావు. ఇంక దొరికిపోనానని తెలిసిపోతాది. ఆ సీకట్లో ఊపిరాడక సస్తా, నువ్వు మీద కూకున్నావని తెలిస్తే ఊరుకోబుద్ధయ్యీది కాదు. మూడు దెబ్బలు కొట్టీవోణ్ణి. వచ్చీసినానే అని."

దాలమ్మ వెనక్కి తలుచుకుంది. మొదటి ఏడు, కూర్చున్నది ముందా, గింజలు గెంతింది ముందా? కూర్చుంది. తప్పెట దించింది. అప్పుడు గెంతాయి. అవును. అలాగే. ఇన్నేళ్ళూ కళ్ళముందే ఉన్నది, ఎవడో నవ్వేసరికి తలకిందులుగా కనపడింది.

"ఈ ముక్క టీకొట్టుకాడ ఎందుకు సెప్పలేదు?"

"సగం సెప్పేసరికే నవ్వీసినారు. మిగతా సగం ఎవుడింటాడు?"

"పోనీ ఇంటికాడ నాకైనా సెప్పొచ్చు గదా, గాడిదా!"

రాముడు గోడ మీది మట్టిబెడ్డ ఒకటి వేళ్ళతో నలిపాడు. "సెప్పీసుంటే నువ్వు ఈ పండగ సేద్దువా? నన్ను మళ్ళీ కన్నంలో దూరనిద్దువా?"

దాలమ్మ కొంగుతో అతని చెవిలో బురద తుడిచింది, నొప్పెట్టేంత గట్టిగా.

సోమవారం పొద్దున రాముడు టీకొట్టు దగ్గర నిలబడి, రెండు సగాలూ కలిపి చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి వీల్లేకుండా జేసీబీ మోత మొదలైంది. కొండబాబు పొద్దున్నే వచ్చి, "మామ్మా, నాను కాపోతే ఇంకోడు తవ్వుతాడు," అని గుమ్మంలో నిలబడి చెప్పి మరీ వెళ్ళాడు.

పెరట్లో పెట్టిన తప్పెట మీద, నిన్న మట్టిలోంచి ఏరి తెచ్చిన చోళ్ళు ఆగకుండా గెంతుతున్నాయి. ఎక్కడ తవ్వుతున్నారో కనిపెట్టాల్సిన పని ఈసారి ఎవరికీ లేదు. దాలమ్మ కాసేపు చూసింది. తర్వాత ఆ గింజలన్నీ చేటలోకి ఒంపుకుని, చెరిగి, తిరగలిలో పోసి విసిరింది. మధ్యాహ్నానికి అంబలి కాచి, మొగుడి ముందు పెట్టింది.

రాముడు రెండు గుక్కలు తాగి మొహం చిట్లించాడు. "ఇసకేటే, పంటికి తగుల్తన్నాది."

"ఇసక కాదు. కోట," అంది దాలమ్మ. "మింగు."